గేటు పుస్తకంలో నా ఇంగ్లీషు

ఆమె తరఫున ఎక్కడా ఒక్క ముక్క రాసి లేదు. ఆమెకు వ్యతిరేకంగా నేను ఇంగ్లీషులో రాసిన పేజీ మాత్రం ఉంది. అది ఎలా పుట్టిందో నేను తప్ప చెప్పేవాళ్ళు లేరు కనుక ఇది రాస్తున్నాను.

చెన్నై మైలాపూరులో ఒక అపార్ట్‌మెంటుకు నేను వాచ్‌మన్‌ని. బడిలో చదివింది ఎనిమిది. మిగిలిన చదువంతా సెలవు రోజుల్లో లైబ్రరీలోనే. జరిగిపోయిన పనిని ఇంగ్లీషులో చెప్పడం అట్ట ఊడిన ఒక వ్యాకరణ పుస్తకంలో నేర్చుకున్నాను. గో, వెంట్, టేక్, టుక్ అని గొణుక్కుంటూ గేటు దగ్గర తిరిగేవాణ్ణి. వచ్చేపోయేవాళ్ళ పుస్తకంలో పాలవాడు వచ్చాడు, ప్లంబరు వెళ్ళాడు అని ఇంగ్లీషులోనే రాసేవాణ్ణి. ఎవరూ అడగలేదు. గొప్ప కోసం రాశాను.

మూడో అంతస్తులో వెండి కుంకుమ భరిణె కనబడకుండా పోయింది. అక్కడ గిన్నెలు తోమే ఆమె మా వీధి తెలుగామె. అసోసియేషన్ సెక్రటరీ కుర్చీ తెప్పించుకుని నా ఎదురుగా కూర్చున్నాడు.

"నీకు ఇంగ్లీష్ వచ్చు కదప్పా, రాయి. పది గంటలకు వచ్చింది, తీసింది, పోయింది," అని తమిళంలో చెప్పాడు.

ఆమె రావడం చూశాను, పోవడం చూశాను. తీయడం చూడలేదు. ఆ మాట అనలేదు. నా ధ్యాసంతా క్రియల మీదే ఉంది. ఆమె పేరు పక్కన మూడూ తడుముకోకుండా వచ్చాయి. ఆయన చదివి, "సూపర్‌ప్పా, ఒక్క తప్పు లేదు," అన్నాడు. పొంగిపోయి సంతకం పెట్టాను.

సాయంత్రానికి ఆ పేజీ ఫోటో అందరి ఫోన్లలోకి చేరింది. ఆమె పనిచేసే నాలుగు ఇళ్ళవాళ్ళూ పనికి రావద్దన్నారు. మర్నాడు గేటు దగ్గర ఆమెను ఆపింది నేనే.

"నువ్వు చూసినావా అన్నా?"

"సెక్రటరీ చెప్పినాడు, రాసినాను."

"ఇంగ్లీషు బలే బాగుండాదంట గదా! ఏదీ, ఒకసారి చదువు. నేనేం చేసినానో నేనూ తెలుసుకుంటా."

చదవలేకపోయాను. వారం తర్వాత సెక్రటరీ దగ్గరికి వెళ్ళి, నేను కళ్ళారా చూడలేదని ఒక లైను చేరుస్తానన్నాను. "ముగిసిపోయింది, ఇప్పుడెందుకప్పా?" అన్నాడు. మెట్లు దిగి వచ్చేశాను. భరిణె ఏమైందో ఇప్పటికీ ఎవరికీ తెలియదు.

నాకు కుర్చీ చూపించిన లైబ్రరీ అమ్మకు, నా ఉచ్చారణ దిద్దిన పెద్దాయనకు, ఇది చదివి సరిచేసిన మిత్రుడికి కృతజ్ఞతలు. పేర్లు వేస్తే నేను చేసిన ఆ పనిలో వాళ్ళకూ వాటా ఉన్నట్టవుతుంది. ఆమె ఇప్పుడు ఎన్నూరులో రొయ్యలు ఒలిచే పనికి పోతోంది. ఇందులో నీ పేరు రాయనా అని అడిగాను.

"ఒకసారి రాసినావు గదన్నా, చాల్లే," అంది.