వెనకట్ట మీది పేర్లు

ఆ రోజుల్లో నాకో పిచ్చి పట్టింది. ఇంటర్నెట్‌లో తెలుగువాళ్ళు తలా ఒక చెయ్యి వేసి రాస్తున్న విజ్ఞాన సర్వస్వంలో మా చుట్టుపక్కల ఊళ్ళ చరిత్ర ఎక్కించడం. తెనాలిలో బడి వదలగానే ఇంటికొచ్చి కంప్యూటర్ ముందు కూర్చునేవాణ్ణి. కొల్లిపర, చుండూరు, చేబ్రోలు, ఎవరో రెండేసి వాక్యాలు రాసి వదిలేసిన పేజీలన్నీ నింపుకుంటూ వచ్చాను. అచ్చులో ఆధారం చూపనిదే అక్కడ ఏ మాటా నిలవకూడదు. ఆ విషయంలో నేను చండశాసనుణ్ణి. ఎవరైనా "మా తాతగారు చెప్పారు" అని రాస్తే మొహమాటం లేకుండా కొట్టేసేవాణ్ణి. "బళ్ళో పిల్లలు చాలక ఊళ్ళోవాళ్ళందరికీ దిద్దుళ్ళా?" అని మా ఆవిడ విసుక్కునేది.

రేపల్లె నుంచి పాసింజరులో ఎండుచేపలు తెచ్చి మా వీధిలో అమ్మే ఒకావిడ ఉండేది. ముప్పయ్యేళ్ళుంటాయేమో. ఒకరోజు అరుగు మీద గంప దించి, కిటికీలోంచి చూసి, "ఏంటి మేష్టారూ, పొద్దస్తమానం దాంట్లో రాస్తుంటారు?" అంది. ఊళ్ళ సంగతులన్నాను.

"ఇప్పుడు లేని ఊళ్ళ సంగతి కూడా రాస్తారా?"

ఆమె పుట్టిన పల్లె రేపల్లెకు దిగువన, సముద్రం అంచున ఉండేదట. డెబ్బయ్యేడు ఉప్పెనలో ఊరు ఊరంతా కొట్టుకుపోయింది. మూడేళ్ళ పిల్ల, తాటిమట్టల్లో చిక్కుకుని తనొక్కతే బతికింది. రేపల్లెలో పడవలున్న ఒకాయన తీసుకెళ్ళి పెంచాడు. ఫలానా వాడి కూతురని అప్పుడు పక్క పల్లెవాళ్ళెవరో గుర్తుపట్టారు కాబట్టి నాన్న పేరు తెలుసు. అలా గుర్తుపట్టిన వాళ్ళు కూడా ఇప్పుడు లేరు. అమ్మ పేరు మాత్రం ఆమెకు తెలియదు.

"అమ్మని అమ్మా అనే కదండీ పిలుస్తాం. మూడేళ్ళ పిల్లకి పేరెవరు చెబుతారు?" అంది. "పెంచినాయనకి చదువు రాదు. అప్పట్లో ఏదో వారపత్రికలో మా ఊళ్ళో పోయినోళ్ళ పేర్లు ఇంటింటివీ వేశారని మాత్రం చెప్పేవాడు. అది ఎక్కడన్నా దొరుకుద్దేమో చూడండి మేష్టారూ. నా కూతురు అడుగుతోంది, అమ్మమ్మ పేరేంటని."

ఊళ్ళ పేర్లకు మూలాలు వెతుకుతూ ఏళ్ళు గడిపినవాణ్ణి. ఒక మనిషికి తల్లి పేరే తెలియకపోవడం ఎలా ఉంటుందో ఎన్నడూ ఆలోచించలేదు.

బాపట్లలో ఒక పాత గ్రంథాలయం ఉంది. దాతలిచ్చిన అరుదైన పుస్తకాలకు, పత్రికలకు అందులో విడిగా ఒక గది. ఒక వకీలుగారు ఇచ్చిన పాత వారపత్రికల కట్టలు ఆ గదిలోనే ఉన్నాయని తెలిసింది. తాళం మాత్రం కమిటీ కార్యదర్శి దగ్గర. మూడుసార్లు రైలెక్కి వెళ్ళాను. ఒకసారి ఆయన పెళ్ళికెళ్ళారు, ఒకసారి పొలానికెళ్ళారు, ఇంకోసారి ఎక్కడికెళ్ళారో ఎవరికీ తెలియదు. తిట్టుకుంటూ తిరిగొచ్చాను. లైబ్రేరియన్ గారు రిటైరవడానికి దగ్గరపడ్డ మెత్తని మనిషి. నా అవస్థ చూసి, తాళం తానే సంపాదించి, కట్టలన్నీ విప్పి చూసి ఫోన్ చేశారు.

"దొరికిందండి మాస్టారూ. ఆ పల్లె గురించి లోపల ఒక పేజీ ఉంది. వెనకట్ట నిండా ఇంటింటి పేర్లూ ఉన్నాయి. చదవమంటారా?"

సరిగ్గా అక్కడే నా తెలివి తెల్లారింది. "వద్దండి, ఆవిణ్ణే తీసుకొస్తాను, ఫోటో కూడా తీసుకుంటాను" అన్నాను. ఒక్క నిమిషం ఆగి చదివించుకుంటే సరిపోయేది. కానీ ఆ పేరు నేను చదివి వినిపిస్తుంటే ఆమె ముఖం చూడాలని నాకు ముచ్చట. అంత పెద్దరికం కావాల్సి వచ్చింది నాకు. ఈలోగా పరీక్ష పేపర్లు వచ్చిపడ్డాయి. వాటిని దిద్ది బయటపడేసరికి మూడు వారాలు పట్టింది.

ఆ ఆదివారం ఆమె బేరం మానుకుని, పండక్కి కొన్న చీర కట్టుకుని తెనాలి స్టేషన్‌కి వచ్చింది. బాపట్లలో రైలు దిగి గ్రంథాలయానికి వెళ్ళాం. లైబ్రేరియన్ గారు గుమ్మం దాకా ఎదురొచ్చి, ఎర్ర క్యాలికో గుడ్డ వేసిన లావుపాటి పుస్తకం నా చేతిలో పెట్టారు. దాని వీపు మీద బంగారు అక్షరాలు.

"దూరం నుంచి వస్తున్నారు కదండీ. చిరిగిన కాగితాలు చేతిలో పెడితే బాగోదని బైండింగ్ చేయించాను."

పేజీలు తిప్పాను. ఆ పల్లె గురించిన పేజీ ఉంది. దాని తర్వాత మరో వారం సంచిక మొదలైంది. వెనక్కి తిప్పాను, ముందుకు తిప్పాను. ఏ సంచికకూ అట్ట లేదు. మా వైపు బైండింగ్ అంటే అంతే. అట్టలు, ప్రకటనల కాగితాలు తీసి పారేసి, అంచులు సమంగా కోసి కుడతారు. మా బడి పుస్తకాలకు నేనూ ఎన్నోసార్లు అలాగే చేయించాను. ఈ పెద్దాయనకు కూడా అది తోచలేదు. అక్కడే ఫోన్ తీసుకుని బైండరు మీద అరిచాను. "అట్టలు ఎవరిక్కావాలండి? చిత్తుకాగితాల్లో పోయాయి" అన్నాడతను. అతని తప్పేముంది?

"లేదా మేష్టారూ?" అంది ఆమె నెమ్మదిగా. నేను తల వంచుకున్నాను. ఆమె లైబ్రేరియన్ గారి వైపు తిరిగింది. "మీరు చూశారు కదా బాబూ, ఏమన్నా గుర్తుందా?" అని తండ్రి పేరు చెప్పింది.

ఆయన కళ్ళు మూసుకున్నారు. కళ్ళు తెరిచి ఒక పేరు చెప్పారు. "అదే అనుకుంటానమ్మా. అదే."

ఆమె ఆ పేరును పెదాలతోనే రెండుసార్లు పలికి, చెంగుతో కళ్ళొత్తుకుని, ఆయనకు చేతులెత్తి దండం పెట్టింది.

ఆమె మెట్లు దిగుతుండగా ఆయన నా మోచెయ్యి పట్టుకుని ఆపారు. "నాకేమీ గుర్తులేదండి మాస్టారూ. అది మా అమ్మ పేరు. ఆ ముఖం చూసి లేదనలేకపోయాను." నాకు ఒళ్ళు మండింది, ఏడుపూ వచ్చింది. చెయ్యి విడిపించుకుని మెట్లు దిగాను.

లోపలి పేజీని ఆధారంగా చూపి ఆ పల్లెకు ఒక వ్యాసం రాశాను. ఎవరూ వేలెత్తి చూపలేదు. మరుసటి వారం ఆమె గంప దించి లోపలికి వచ్చింది. "అమ్మ పేరు కూడా ఎక్కించండి మేష్టారూ. నా కూతురు బళ్ళో చూసుకుంటుంది" అంది.

తండ్రి పేరు పక్కన ఆ పేరు టైపు చేశాను. ఏ అక్షరాలో చూపించమంది, చూపించాను. చెయ్యి కడుక్కుని వచ్చి, తెర మీద ఆ అక్షరాల పైన వేలు ఆనించింది. పేజీని భద్రపరిచే మీట నేనింకా నొక్కలేదు. ఆ సంగతి ఆమెకు తెలియదు.

"ఇంక ఎప్పటికీ ఉంటుందా అండి?" అంది వేలు తీయకుండా.

"ఉంటుందమ్మా" అన్నాను.

ఆమె గంప ఎత్తుకుని వీధి మలుపు తిరిగేదాకా ఆగి, ఆ పేరు చెరిపేశాను.