నీళ్ళ వంతు వాచీ

మా బావగారు పోయారని మొన్న పొద్దున్నే కబురొచ్చింది. ఫోను చేసింది ఆయన కొడుకు. "మావయ్యా, నాన్నగారు వెళ్ళిపోయేరండి" అన్నాడు. ఎలా, ఎప్పుడు అని అడగాలి కదా. నేను "ఆయ్" అని ఊరుకున్నాను. మా ఆవిడ వాకిట్లో పళ్ళు తోముకుంటోంది. "ఎవరండీ?" అంది. ఆవిడకి ఆయన తోడబుట్టిన అన్న. ఫోను ఆవిడ చేతికిచ్చి గొడ్ల పాక వైపు వెళ్ళిపోయాను.

ఆయన కోసం చర్చిలో పెట్టిన ఆదరణ కూడికలో నన్ను నాలుగు మాటలు మాట్లాడమన్నారు. లేచి నిలబడ్డాను గాని మాట రాలేదు. కూర్చున్నాను. మిగతావాళ్ళు బాగానే చెప్పారు. టైమంటే టైమే అన్న మనిషన్నారు, వాచీ చూసుకుని బతికారన్నారు. నిజమే. ఆ వాచీ ఎందుకొచ్చిందో మాత్రం ఎవరూ చెప్పలేదు. తెలిసినవాళ్ళు చాలామంది ఆయన కంటే ముందే పోయారు. అందుకని నేను రాస్తున్నాను. నాకు చదువు లేదు. సంతకానికి మించి పెన్ను పట్టింది తక్కువ. అక్షరాలు తప్పుంటే దిద్దుకోండి. మాటలు మాత్రం మార్చకండి, అవి నావి.

మా ఊరు మలికిపురం అవతల, పంట కాలువ చిట్టచివర. సముద్రం పిలిస్తే పలికేంత దగ్గర. తడుపుకునే నీళ్ళు మాత్రం ఎగువ ఊళ్ళన్నీ వాడుకోగా మిగిలినవి మాకు. కూలి చేసుకునే మా పేటవాళ్ళకి సర్కారు పట్టాలిస్తే అవీ శివారు నేల చెక్కలే. మా చెక్క ఆ శివారుకి శివారు. తొలి పంటకి ఇబ్బంది లేదు, వానలుంటాయి. దాళ్వా వచ్చేసరికి, అదే ఎండాకాలం పంట, కాలువ సన్నగిల్లిపోతుంది. అప్పుడు నీళ్ళకి వంతులు పెట్టుకోవాలి. ఒకళ్ళ వంతు అయ్యాక తూము తలుపు దించి, తరవాతి వాళ్ళ కోసం మళ్ళీ ఎత్తాలి.

వాచీ రాకముందు తూము దగ్గర కర్ర పాతి నీడ చూసుకునేవాళ్ళం. తలుపు ఎత్తాక నీళ్ళు బోదెలో, అదే చేలకి పోయే పిల్లకాలువలో, నడిచి నడిచి మన చేలో పడతాయి కదా, పడ్డాక కేకేస్తే అప్పుడు నీడ దగ్గర గీత గీసేవారు. నీడ ఇంకో గీతకి వస్తే వంతు అయినట్టు. ఎండ ఉంటే పరవాలేదు. మబ్బు పడితే ఎవడి నోరు పెద్దదైతే వాడిదే టైము. ఒక ఏడు పార కర్రతో ఒకడి తల పగిలింది. ఆ రక్తం చూశాక గుడి అరుగు మీద అందరం కూర్చున్నాం. వాచీ కొందామన్నారు. ఎవరికి వాళ్ళం కొనుక్కుందామని ఒకడన్నాడు. బావగారు నవ్వి, "మనిషికో వాచీ అయితే మనిషికో టైమండీ. అందరికీ ఒకటే వాచీ, ఒకటే చెయ్యి ఉండాలి" అన్నారు. ఆ చెయ్యి ఆయనదే అవ్వాలని ఊరంతా ఒక్క మాట మీద అన్నారు.

ఎందుకన్నారంటే, నీడ గీతలు చూసే రోజుల నుంచీ ఆయన, వంతులు నడుస్తున్నప్పుడు ఎవరింట్లోనూ కాఫీ తాగేవారు కాదు. మా ఇంట్లో కూడా. చెల్లెలు గ్లాసు పట్టుకుని గుమ్మంలో నిలబడితే, "వంతులయ్యాక తాగుతానమ్మా, అప్పటిదాకా నేను నీ అన్నయ్యని కాదు" అనేవారు. మా ఆవిడ ఆ కాఫీ నా ముందు పెట్టి, "మీరన్నా తాగండి, మీకు వంతు లెక్కలూ లేవు, సిగ్గూ లేదు" అనేది.

ఆ రోజే ఇంకో కట్టుబాటు చేశాం. గొడవంతా నీళ్ళు చేలో ఎప్పుడు పడ్డాయన్న దగ్గరే వస్తోంది, దానికి సాక్షి ఎవడు? అందుకని తూము తలుపు ఎత్తినప్పటి నుంచి లెక్క అన్నారు. తలుపు ఎత్తడం అందరికీ కనబడుతుంది కదా. అందరం సరేనన్నాం. ఆ ఏడు కాలువ నిండుగా ఉంది. నీళ్ళు నిండుగా ఉన్నప్పుడు ఎవరైనా అలాగే అంటారు.

వాచీ సంగతి ముందు చవకలో చూశాం. పాస్టరుగారింట్లో మూలనున్న టైంపీసు అడిగి తెచ్చాం. దాన్ని నిలబెడితే నడుస్తుంది, పడుకోబెడితే ఆగిపోతుంది. గట్టు మీద చదునైన చోటు ఎక్కడుంది? బావగారు దాన్ని సంకలో బిడ్డలా నిటారుగా పట్టుకుని తిరిగేవారు. ఒకసారి వంతు మధ్యలో అలారం మోగింది. దున్నపోతు బెదిరి బోదెలో దూకి కట్ట తెంచేసింది. పాస్టరుగారి వస్తువు పాస్టరుగారికి ఇచ్చేశాం.

తరవాత కువైట్ వాచీ. మా వీధిలో ఒకావిడ కువైట్‌లో ఇంటిపనికి వెళ్ళి వస్తూ తెచ్చింది. ముళ్ళు లేవు. మీట నొక్కితే ఎర్రగా అంకెలు వెలుగుతాయి. ఇంట్లో బ్రహ్మాండం. ఎండలోకి తెస్తే ఏమీ కనబడదు. బావగారు గొడుగు వేసుకుని, దాని మీద చెయ్యి అడ్డం పెట్టుకుని, ఒక కన్ను మూసి లోపలికి చూసేవారు. "ఏంటండీ, లోపల సినిమా ఆడుతుందా? మాకూ ఓ టిక్కెట్టు కొయ్యండి" అని కుర్రాళ్ళు ఏడిపించేవారు. నాలుగు రోజులు బోదెలో దిగి ఎక్కేసరికి దానిలోకి చెమ్మ చేరింది. అంకెలు సగం సగం వెలిగేవి. ఎనిమిదో మూడో తెలిసేది కాదు. ఎనిమిదన్నవాడికీ మూడన్నవాడికీ మళ్ళీ తగువు.

పోనీ మంచి కంపెనీది కొత్తది కొందామా అంటే, ఆ రోజుల్లో షాపులో పేరు రాయించుకుని ఎదురు చూడాలి. అమలాపురంలో అడిగితే, "పెళ్ళికొడుకులకే చాల్డం లేదండీ, మీ చేలకి ఎక్కడ తెమ్మంటారు?" అన్నాడు షాపాయన. అప్పుడు తెలిసింది, రాజోలు దగ్గర ఒక రిటైరైన సుబేదారుగారు తన మిలట్రీ వాచీ అమ్ముతున్నారని. దాని కోసం చాలామంది తిరుగుతున్నారని కూడా చెప్పారు. అందరం వాటాలేసుకున్నాం. బావగారూ నేనూ వెళ్ళాం.

సుబేదారుగారు చొక్కా లేకుండా, వాచీ మాత్రం పెట్టుకుని వరండాలో కూర్చున్నారు. ఖాకీ గుడ్డ పట్టీ, నల్లటి ముఖం, చీకట్లో మెరిసే అంకెలు, సన్నగా పరిగెత్తే సెకన్ల ముల్లు. నాకు నిజం చెప్పాలంటే చెయ్యి దాని మీదకి లాగేసింది.

"ఎవరికయ్యా? పెళ్ళికొడుక్కా?" అన్నారాయన.

"కాదండి. నీళ్ళకండి" అన్నారు బావగారు.

"నీళ్ళకా? నీళ్ళు టైము చూసుకుంటాయా?"

"అవి చూసుకోవండి. మేం కొట్టుకుంటామండి."

ఆయన పెద్దగా నవ్వారు. సంగతంతా అడిగి విన్నారు. "అంబాజీపేట కొబ్బరి షావుకారు మీకంటే ఎక్కువే ఇస్తానన్నాడు. నిన్న కారేసుకుని వచ్చేడు" అన్నారు.

నాకు కడుపులో మాట దాగదు. "మరి మాకెందుకిస్తారండీ?" అన్నాను. బావగారు నా తొడ గిల్లారు.

"ఇవ్వనని అన్లేదు కదయ్యా. నా కళ్ళకి ముల్లు కనబడ్డం మానేసింది. ఎవరికైనా ఇవ్వాల్సిందే. షావుకారు చేతికి అందం కావాలి. అందానికి ఇంకేదైనా దొరుకుద్ది." వాచీ విప్పి బావగారి చేతిలో పెట్టారు. "ఈ కీ బయటికి లాగు. ముల్లు ఆగిందా? రేడియోలో వార్తల ముందు కుయ్ కుయ్‌మని చుక్కలు పడతాయి చూడు, ఆఖరి చుక్కకి నొక్కు. ఇంక దీనికి ఎదురు లేదు."

తిరుగు బస్సులో బావగారు కీ లాగడం, ముల్లు ఆగడం, నొక్కడం, ముల్లు పరిగెత్తడం. ఊరు వచ్చేవరకూ అదే పని. పేటకి రాగానే పిల్లలూ పెద్దలూ చుట్టూ చేరి అందరూ తలోసారి లాగి చూశారు. "టైముని ఆపేస్తుందంటండీ!" అని ఊరంతా చెప్పుకున్నారు.

ఆ వాచీ వచ్చాక కొట్లాటలు పోయాయి. ఆ మాట ఒప్పుకోవాలి. పొద్దున్న ప్రార్థన చేసుకుని దానికి కీ ఇచ్చేవారు, రాత్రి వార్తలకి సరిచేసుకునేవారు. దారిన పోయేవాడు టైమెంతండీ అంటే చెప్పేవారు కాదు, "ఇది ఊళ్ళో నీళ్ళదండీ, నాది కాదు" అనేవారు. పొగరనుకునేవాళ్ళు అనుకున్నారు. ఆయన చెయ్యి పైకెత్తితే తలుపు లేచేది, దింపితే దిగేది. ఎగువాయనైనా సరే, పట్టా చెక్క వాడైనా సరే. తరవాత్తరవాత చేలు రొయ్యల చెరువులయ్యాయి, వంతులు పోయాయి. వాచీ ఆయన చేతికే ఉండిపోయింది, ఎవరూ అడగలేదు.

పోయిన నెల అమలాపురం ఆసుపత్రిలో చూడ్డానికి వెళ్ళాను. ఆయనకి మాట పడిపోయింది. నన్ను గుర్తుపట్టారో లేదో కూడా తెలియలేదు. వాచీ వచ్చాక ఒక దాళ్వాలో జరిగిన సంగతి ఒక్కసారి మాట్లాడుకోవాలని నాకు ఎన్నో ఏళ్ళుగా ఉంది. "బావగారూ" అన్నాను. కళ్ళు ఇటు తిప్పారు. అంతే. గొట్టాలేవో గుచ్చారు, సీసాలు మారుస్తున్నారు. నేను చెయ్యగలిగింది ఒక్కటీ కనబడలేదు. ఈగలు తోలుతూ కూర్చుని వచ్చేశాను.

ఆ దాళ్వాకి కాలువలకి నీళ్ళు ముందే కట్టేస్తారని చాటింపు వేశారు. మా చేను ఈని గింజ పాలు పోసుకుంటోంది. ఆ ఒక్క తడి తగిలితే పంట, లేకపోతే తాలు. ఆఖరి వంతులు నడుస్తున్నాయి. బోదె బీటలు తీసి ఉంది. నా వంతుకి తలుపు ఎత్తారు. నేను తూము దగ్గరే ఉన్నాను, మా ఆవిడ చేలో ఉంది. నీళ్ళు బోదెలో దిగాయి, బీటలన్నీ తాగుతూ పాములా మెల్లగా పోతున్నాయి. దానితో పాటు నడిస్తే నేనే ముందుండేవాణ్ణి. వంతులో సగం పైగా దారికే పోయింది. నీడ రోజుల్లో అయితే ఇంకా లెక్క మొదలే కాదు. ఇప్పుడు ముల్లు పరిగెడుతూనే ఉంది.

మా ఆవిడ గట్టు వెంట పరిగెత్తుకుంటూ వచ్చింది. "అన్నయ్యా, నీళ్ళు ఇప్పుడే మడిలో పడ్డాయి. సగం కూడా తడవలేదు. ఇంకాస్త ఉంచు."

బావగారు వాచీలోంచి తల ఎత్తలేదు. పక్కనే తరవాతి వంతు ఆసామి పార భుజాన వేసుకుని నిలబడ్డాడు. చెడ్డవాడేం కాదు. ఆయన చేనూ మాలాగే ఎండుతోంది. ఆయన వద్దనలేదు, సరేననలేదు.

"కట్టుబాటు అందరం చేసుకున్నదేనమ్మా" అన్నారు బావగారు.

"నేను కట్టుబాటు మార్చమన్లేదు. ఆ కీ లాగు. ఒక్కసారి లాగు అన్నయ్యా. టైము ఆగుద్ది కదా" అంది.

నేను ఎవరి దగ్గరా చెయ్యి చాచే మనిషిని కాను. ఆ రోజు నా నోట్లోంచి కూడా వచ్చేసింది. "లాగండి బావగారూ" అన్నాను.

ఆయన బొటనవేలూ చూపుడువేలూ కీ మీదకి వెళ్ళాయి. పట్టుకున్నారు. నేను చూశాను, మా ఆవిడ చూసింది, పార పట్టుకున్నాయనా చూశాడు. ఆ పట్టుకోవడం ఎంతసేపో నాకు తెలియదు. ముల్లు మాత్రం ఆగలేదు. వేళ్ళు వదిలేశారు. చెయ్యి దింపారు. తలుపు పడింది.

మా ఆవిడ ఏడవలేదు. వెనక్కి తిరిగి చేను వైపు నడిచింది. నేను వెనకాల నడిచాను. తరవాతి వంతు మొదలెట్టించి, పార పట్టుకున్నాయన అల్లుణ్ణి తూము దగ్గర కాపలా పెట్టి, బావగారు కూడా వచ్చారు. ఆయన్ని తిడదామని నేను నోటి నిండా మాటలు పెట్టుకుని ఉన్నాను. నీళ్ళు మడి మధ్యదాకా వచ్చి ఆగిపోయాయి. ఇటు పక్క నేల మెరుస్తోంది. అటు పక్క తెల్లగా, కాలు పెడితే గుచ్చుకునేలా ఉంది. అటు పక్కదంతా ఆ ఏడు తాలే అయింది. అది తరవాత సంగతి.

బావగారు వాచీ విప్పి చెల్లెలి చేతిలో పెట్టారు. ఆవిడ వద్దనలేదు, పట్టుకుంది. ఆయన భుజం మీది తువ్వాలు తీసి, తడి పక్కన వంగి, బురద నీళ్ళలో ముంచారు. అటు పక్కకి మోసుకెళ్ళి ఎండిన మొక్కల మొదట్లో పిండారు. మళ్ళీ వచ్చారు. మళ్ళీ ముంచారు.

"అయ్యే పనేనా అది, బావగారూ?" అన్నాను.

"అవ్వదండీ" అన్నారు, ముంచుతూనే.

తువ్వాల్లోంచి సగం నీళ్ళు దారిలోనే కారిపోయేవి. కారిన చోట నేల మీద నల్లటి చుక్కలు పడేవి. ఆయన పిండి, తిరిగి వచ్చేలోపే అవి ఆరిపోయేవి.