గంటల బాబాయి లెక్క

విమానం టికెట్లు అమ్మే ఆ ఇరుకు ఆఫీసులో ఆయన్ని అందరూ గంటల బాబాయి అనేవారు. గంటలు అమ్ముతాడేమో అనుకునేరు, అదేం కాదు. ఏ రెండు ఊళ్ళ పేర్లు చెప్పినా మధ్య ఎన్ని కిలోమీటర్లు, విమానంలో ఎన్ని గంటలు, తడుముకోకుండా చెప్పేవాడు. ఇరవై ఆరేళ్ళుగా అదే కుర్చీ. ఇంత చెప్పే మనిషి ఒక్కసారైనా విమానం ఎక్కాడా అంటే, లేదు.

ఆయనకు ఉన్నదల్లా ఒక్క అక్క. తల్లి పోయాక చంకనేసుకుని పెంచింది. పెళ్ళయ్యాక ఏడు వేల రెండు వందల కిలోమీటర్ల అవతలికి వెళ్ళిపోయింది. "ఎంతక్కా, తొమ్మిదింపావు గంటలు. కళ్ళు మూసి తెరిస్తే నీ ముందుంటా" అనేవాడు ఫోన్లో.

"మూస్తూనే ఉన్నాన్రా, తెరిచినప్పుడల్లా మీ బావే కనిపిస్తున్నాడు" అనేదావిడ. అలా నవ్వుకుంటూనే పందొమ్మిదేళ్ళు గడిపేశారు.

ఒక మంగళవారం పొద్దున బావ ఫోన్ చేశాడు. అక్కకి గుండె ఆపరేషన్. ఆలస్యం చేస్తే కష్టమని డాక్టర్లు, తమ్ముణ్ణి చూస్తే గానీ సంతకం పెట్టనని ఈవిడ. నేరుగా వెళ్ళే విమానంలో సీట్లు లేవు. మధ్యలో ఒక ఊళ్ళో మారే విమానంలో ఒకే ఒక్క సీటు దొరికింది. బయల్దేరేది ఆ సాయంత్రం నాలుగింటికి, చేరేది పొద్దున ఏడింటికి. "రేపు ఏడింటికల్లా దిగుతున్నా" అని అక్కకి చెప్పేసి, ఇంటికి పరిగెత్తి రెండు చొక్కాలు సంచిలో కుక్కుకున్నాడు.

టికెట్టు మీద చేరే టైము పక్కన చీమ తలంత అంకె ఉంటుంది. +1 అంటే మర్నాడు, +2 అంటే ఆ మర్నాడు. వచ్చినవాళ్ళందరికీ పెన్నుతో సున్నా చుట్టి మరీ చూపించేవాడు, ఇది చూసుకోకపోతే కొంప మునుగుతుందండీ అని. తన టికెట్టు మీద మాత్రం చూసుకోలేదు. కాలేదో చెయ్యేదో తెలియని కంగారులో ఆ అంకె కంటికెక్కడ ఆనుతుంది, పాపం!

మధ్య ఊళ్ళో దిగి గేటు ఎటని అడిగితే, కౌంటర్లో అమ్మాయి టికెట్టు చూసి, "మీ రెండో విమానం రేపటిదండీ, చేరేది ఎల్లుండి" అంది. ఉన్న కౌంటర్లన్నీ తిరిగాడు, ఇంకో సీటు లేదు. అక్కకి చెప్పే ధైర్యమూ లేదు. ఆవిడ ఊళ్ళో ఏడు కొట్టగానే ఆవిడే ఫోన్ చేసింది.

"దిగావా నాన్నా?"

నిజం చెబితే సంతకం పెట్టదు. ఇంకో రోజు ఆగే గుండె కాదది.

"దిగానక్కా. వస్తున్నా. నువ్వు సంతకం పెట్టి లోపలికెళ్ళు, బయటికొచ్చేసరికి ఎదురుగా ఉంటా."

"సరే. ఇక్కడ చలిగా ఉంది, స్వెట్టర్ తెచ్చుకున్నావా?"

"తెచ్చుకున్నానక్కా."

ఆ తర్వాత బావకి ఫోన్ చేసి ఉన్నదంతా చెప్పుకుని ఏడ్చాడు. బావ "రా" అని మాత్రం అన్నాడు.

గురువారం పొద్దున దిగేసరికి బావ గడ్డం మాసి, ఒక్కడే నిలబడి ఉన్నాడు. ఆ మొహం చూడగానే అక్క లేదని తెలిసిపోయింది. నిన్న ఆపరేషన్ మధ్యలోనే పోయిందట.

కారెక్కాక బావ చెప్పాడు. "సంతకం వెంటనే పెట్టింది. కానీ ఆపరేషన్ గది తలుపు దగ్గర స్ట్రెచర్ ఆపించేసింది. విమానం దిగినచోటు నుంచి ఆసుపత్రికి ఇరవై రెండు కిలోమీటర్లట, ముప్పావుగంటట, నువ్వే చెప్పావట. ముప్పావుగంట ఆగండి, మా తమ్ముడి లెక్క తప్పదు అని డాక్టర్లని బతిమాలింది."

"ఆగారా బావా?"

"ఆగాం. గంటన్నర ఆగాం" అన్నాడు బావ.