బోర్లించిన గ్లాసు

యూనివర్సిటీ పక్కనున్న మాసన్ లేక్స్‌లో మేం నలుగురు స్టూడెంట్లం ఉంటున్న ఇంట్లో, కడిగిన గ్లాసులు సింకు పక్కన బోర్లించి ఉంటాయి. అవి కనబడితే ఇప్పటికీ ఒక్కోదాన్నీ తిప్పి నిలబెడతాను.

నాకు ఏడేళ్లప్పుడు, ఎండలో దూరప్రయాణం చేస్తూ ఒక చిన్న ఊరి పాత పబ్బు ముందు నాన్న కారు ఆపారు. రాతి గోడలు, ఇనుప రేకుల వరండా, లోపల కార్పెట్‌లో ఇంకిన బీరు వాసన. మా చర్చిలో పెద్ద అయిన నాన్న పబ్బులో అడుగు పెట్టడం అదే మొదలు. ఇద్దరం లెమనేడ్ తాగాం. ఇంట్లో అలవాటు కొద్దీ నాన్న ఖాళీ గ్లాసును కౌంటర్ మీద బోర్లించారు.

కౌంటర్ దగ్గర తాగుతున్న వాళ్లంతా మా వైపు తిరిగారు.

"నిజంగానేనా, మేట్?" అన్నాడు పక్కనున్న తెల్లగడ్డం ముసలాయన.

"సారీ?" అన్నారు నాన్న.

"ఇక్కడ గ్లాసు బోర్లిస్తే, ఈ గదిలో ఎవడినైనా కొడతానని సవాలు. మా తాతల నాటి నుంచీ అంతే."

లోపలున్న వాళ్లంతా నాన్న కంటే పొడవే. నాన్న ఇప్పుడు ఒక్కొక్కరితో కొట్టుకోవాలి కాబోలు అనుకున్నాను.

"నాన్నా, లెట్స్ గో, ప్లీజ్."

"ముందు నన్ను కొట్టు," అన్నాడు ముసలాయన. "ఎనభై దాటాయి, తేలిగ్గా పడిపోతాను."

అందరూ పగలబడి నవ్వారు. ఆయనే గ్లాసును తిప్పి నిలబెట్టాడు. అందరికంటే గట్టిగా నవ్వింది నాన్నే.

నాన్నకు భయమే వేయలేదని చాలా ఏళ్లు గొప్పగా చెప్పుకున్నాను. నవ్వుతున్నంతసేపూ ఆయన చెయ్యి నా భుజాన్ని నొప్పి పుట్టేలా పట్టుకుని ఉండటం ఈమధ్యే గుర్తొచ్చింది. కారెక్కించే దాకా వదల్లేదు.