నేను నిటారుగా నిలబెట్టిన బురుజు

పొద్దు గూకాక పాత కట్టడాలను ఫోటో తీయడానికి దొరికే సమయం పన్నెండు, మహా అయితే పదిహేను నిమిషాలు. అంతకు ముందే తీస్తే ఆకాశం తెల్లగా పాలిపోతుంది. ఆలస్యం చేస్తే రాయి నల్లటి ముద్దయిపోతుంది. ఆ కాసేపట్లోనే ఆకాశం నీలంగా ఉంటుంది, గోడ మీద గీతలు కనిపిస్తాయి, పక్కింటి బల్బు వెలుగు కూడా ఫోటోలో చక్కగా కుదురుకుంటుంది. నా దగ్గరున్నది చొక్కా జేబులో పట్టే చిన్న కెమెరా. మసక వెలుతురులో అది ఏమాత్రం కదిలినా బొమ్మ చెదిరిపోతుంది. స్టాండు మోసుకెళ్తే ఊళ్లోవాళ్లు భూమి కొలవడానికి వచ్చాడనుకుంటారు, ఎయిర్‌పోర్టు దగ్గరయితే పోలీసులే ఆపి అడుగుతారు. అందుకని జొన్నలు నింపిన చిన్న గుడ్డసంచి ఒకటి కుట్టించుకున్నాను. ఏదో ఒక గద్దె మీద సంచి పెట్టి, దానిమీద కెమెరాను కూర్చోబెట్టి, రెండు సెకన్ల టైమరు నొక్కి, ఊపిరి బిగబట్టి నిలబడతాను. ఎలాగూ ముట్టుకోని కెమెరాకు నేను ఊపిరి బిగబట్టడమెందుకని మా ఆవిడ నవ్వుతుంది. ఎందుకో నాకూ తెలియదు.

నాకొక జబ్బుంది. వంకరను చూసి ఊరుకోలేను. కాటేదాన్‌లో ఇనుప ఫ్రేములు చేసే చిన్న ఫ్యాక్టరీలో, పొద్దంతా మూలమట్టం చూసే గునియా పట్టుకుని ప్రతి ఫ్రేము మూల సరిగ్గా కుదిరిందో లేదో చూడటమే నా ఉద్యోగం. వెంట్రుకవాసి సందు కనిపించినా ఫ్రేమును వెనక్కి పంపిస్తాను. వెల్డింగు వాళ్లు నన్ను చూస్తేనే మొహం తిప్పుకుంటారు. ఆ బుద్ధి నాతోపాటు ఇంటికీ వచ్చేసింది. అత్తగారింటికి వెళ్తే ముందు గోడమీది క్యాలెండరు సరిచేస్తాను, ఆ తర్వాతే నీళ్లు తాగుతాను. చర్చిలో ప్రార్థన మధ్యలో కళ్లు తెరిచి బల్లల వరస చూస్తానని మా ఆవిడ పాస్టరుగారికి కూడా చెప్పింది.

పాత కట్టడాల ఫోటోల్లో ఈ జబ్బుకు మంచి పని దొరికింది. చిన్న కెమెరాను పైకెత్తి ఎత్తైన గోడను తీస్తే, బొమ్మలో గోడ వెనక్కి వాలిపోతున్నట్టు వస్తుంది. అది లెన్సు చేసే మాయ. ఇంటికొచ్చి కంప్యూటరులో పెట్టి, గోడను లాగి నిటారుగా నిలబెట్టాలి. ఈ పిచ్చి ఉన్న వాళ్లందరూ చేసే పనే. కెమెరా అబద్ధం చెబుతోంది, నేను దాన్ని దిద్దుతున్నాను అనుకునేవాణ్ణి. దిద్దిన ఫోటో చూస్తే కడుపు నిండినట్టు ఉండేది.

రావిర్యాల దాటి కొంచెం లోపలికి వెళ్తే ఒక ఊళ్లో పాత బురుజు ఉండేది. కింద రాయి, పైన మట్టి, తలమీద రెండు తుపాకి కన్నాలు. మూడేళ్ల కింద మొదటిసారి చూసినప్పుడే మనసు పారేసుకున్నాను. రోడ్డుకు ఇవతల బోరింగు గద్దె ఉంది, సంచి పెట్టుకోవడానికి కొలిచి కట్టినట్టుండేది. బురుజును ఆనుకుని ఒక రేకుల కొట్టం. బురుజే దానికి వెనక గోడ, మిగతా మూడు వైపులా ఇటుక. ఆ కొట్టంలో రెండు బర్రెలు, వాటి పాలు అమ్ముకునే ఒకామె ఇల్లు ఆ పక్కనే. ఆమె భర్త ఎయిర్‌పోర్టు దగ్గర లోడింగు పనికి పోయి రాత్రికి గానీ రాడు. నేను ఫోటో తీసే వేళ, ఆమె పాలు పిండే వేళ ఒకటే. మొదటిరోజే, "ఏంది తమ్మీ, మట్టిగోడను గంతగనం జూస్తున్నవ్?" అని అడిగింది. తర్వాత నా సంచిలో జొన్నలు పురుగుపట్టాయని పారబోసి, తన ఇంట్లోవి పోసి ఇచ్చింది. నేను అక్కా అని పిలిచేవాణ్ణి.

కిందటేడు ఒక సాయంత్రం చాలా మంచి ఫోటో కుదిరింది. వాన వెలిసిన నీలం ఆకాశం, కొట్టంలో పచ్చని బల్బు, ఆ వెలుగులో బురుజు మట్టి ఎర్రగా వచ్చింది. ఇంట్లో కూర్చుని దాన్ని దిద్దాను. మామూలు కంటే కాస్త ఎక్కువే లాగాల్సి వచ్చింది. కింద నేల ఏటవాలుగా తేలితే, ఊరి నేల ఎలాగూ ఎగుడుదిగుడే కదా అని కత్తిరించేశాను. పక్కనున్న కరెంటు స్తంభం ఒరిగినట్టు వచ్చింది. ఊళ్లలో కరెంటు స్తంభాలు ఎప్పుడు సరిగ్గా ఉన్నాయి గనక! ఫ్రేము కట్టించి అక్కకు ఇచ్చాను. ఆమె దాన్ని ముందుగదిలో, మేకు కొట్టి మరీ తగిలించింది.

ఈ వానాకాలం మొదట్లో మున్సిపాలిటీ నుంచి ఒకాయన వచ్చాడట. బురుజు కొట్టం మీదికి ఒరుగుతోంది, ఖాళీ చెయ్యండి అన్నాడట. అక్క లోపలికి పోయి నా ఫోటో తెచ్చి ఆయన ముందు పెట్టింది. ఆయన ఫోటో చూశాడు, బురుజు చూశాడు, సోమవారం ఇంజనీరును తీసుకొస్తానని వెళ్లిపోయాడు. ఆ రాత్రే నాకు ఫోన్.

"నీ ఫోటో జూపెట్టి నోరు మూయించిన తమ్మీ. కొట్టం పోతే బర్రెలను యాడ గట్టుకోవాలె? ఇంకోటి పెద్దగ కొట్టించియ్యి. ఇంజనీరుకు జూపెడ్త."

నేను పొంగిపోయాను. రెండు రోజులు ఫ్యాక్టరీలో కూడా ఆ కథే చెప్పాను.

శనివారం సగం పూటే పని. మూడు రోజులుగా వాన ఆగి ఆగి కురుస్తోంది. పెద్ద ప్రింటు కోసం దిద్దిన ఫోటో పనికిరాదు, కెమెరాలో పడ్డ అసలు ఫోటో కావాలి. శంషాబాద్‌లో మా ఇంట్లో, టీ పక్కన పెట్టుకుని దాన్ని తెరిచాను. ఏడాది తర్వాత అసలును చూడటం అదే మొదటిసారి. అందులో కరెంటు స్తంభం నిటారుగా ఉంది. వంగి ఉన్నది బురుజు.

లెన్సు మాయ అయితే బురుజు రెండు అంచులూ సమానంగా లోపలికి వాలాలి. ఇక్కడ ఒక్కవైపే వాలింది, అదీ కొట్టం వైపు. మూడేళ్ల అసలు ఫోటోలన్నీ బయటికి తీశాను. అన్నీ అదే బోరింగు గద్దె మీద నుంచి, అదే సంచి మీద నుంచి తీసినవి. స్తంభానికీ బురుజు తలకూ మధ్య సందును తెరమీద స్కేలు పెట్టి కొలిచాను. మొదటి ఏడాది కంటే రెండో ఏడాది ఎక్కువ. పోయిన నెల తీసినదాంట్లో ఇంకా ఎక్కువ. మూడేళ్లుగా ఆ బురుజు నా కళ్ల ముందే ఒరుగుతోంది. నేను ప్రతిసారీ ఇంటికి తెచ్చుకుని దాన్ని నిలబెడుతూ వచ్చాను. గద్దె దగ్గర నిలబడ్డన్నాళ్లూ నేను చూసింది బురుజును కాదు, కెమెరా తెరను.

ఫోన్ చేశాను. ఎత్తలేదు. మళ్లీ చేశాను. గోడ మీద గడియారం ఆరుంబావు. పాలు పిండే వేళకు ఆమె ఫోన్ ఇంట్లోనే పెట్టి కొట్టంలోకి పోతుందని నాకు తెలుసు. మా ఆవిడ వాకిట్లోకి వచ్చి, "ఇంత వానల ఏం ఫోటోలు?" అంది. బండి తీశాను. తుక్కుగూడ వైపు సర్వీసు రోడ్డు మీద నీళ్లు నిలిచాయి. లారీలు ముఖాన బురద కొడుతున్నాయి. బండి నడుపుతూ గట్టిగా ప్రార్థన చేశాను, అందులో సగం నన్ను నేను తిట్టుకోవడమే. ఒకచోట బండి జారి, కాలు ఆనించి నిలదొక్కుకున్నాను. ఆగి చూసుకోవడానికి కూడా భయమేసింది.

ఊరు చేరేసరికి వాన సన్నబడింది. ఆకాశం నేను ఇష్టపడే ఆ నీలానికి తిరుగుతోంది. జన్మలో మొదటిసారి ఆ రంగు వైపు తలెత్తకుండా బండి దిగాను. కొట్టంలో బల్బు వెలుగుతోంది. అక్క లోపల, బురుజు గోడ వైపు బర్రె కింద కూర్చుని ఉంది.

"అక్కా! బయటికి రా!"

ఆమె తల తిప్పకుండానే చెయ్యి ఊపింది. "మెల్లగ తమ్మీ. ఇప్పుడే చేపింది. నువ్వు గట్ల ఒర్రితే పాలు ఎగబట్టుకుంటది."

బర్రె చేపుకొచ్చాక మధ్యలో లేవరు, బెదరగొట్టరు. అలా చేస్తే ఆ పూట పాలు పోతాయి, మర్నాటికీ మొండికేస్తుంది. ఆమె లేవదు. నేను లోపలికి పోవాల్సి వచ్చింది. తడిమట్టి వాసన, పేడ వాసన. ఆమె పక్కన గొంతుక్కూర్చున్నాను. పైన రేకుల మీద టక్కుమని ఏదో పడింది. వాన చుక్క కాదు, గట్టిది. కాసేపటికి ఇంకొకటి.

నా జన్మలో ఏ తప్పూ గుసగుసగా ఒప్పుకోలేదు. ఆరోజు ఒప్పుకున్నాను.

"అక్కా, నేనిచ్చిన ఫోటో నిజం కాదు. బురుజు ఒరిగింది. నేనే కంప్యూటర్ల నిటారుగ జేసిన. మూడేండ్ల సంది ఒరుగుతనే ఉన్నది. అసలు ఫోటోలు జూసిన. లే అక్కా, నీ కాల్మొక్త."

ఆమె వేళ్లు ఆగలేదు. గిన్నెలో పాల ధార చప్పుడు అలాగే ఉంది. తిడుతుందని చూశాను. తిడితే లేస్తుందనుకున్నాను.

"నాకెరుకే," అంది.

నాకు అర్థం కాలేదు.

"ఈ కొట్టం తలుపు పోయినేడు సంది పడ్తలేదు. రెండుసార్లు వడ్లాయనను పిలిచి చెక్కిచ్చిన. మళ్ల బిగుసుకుంటది. రాత్రి పండుకుంటే మట్టి రాలిన సప్పుడు ఇనవడ్తది. ఒరుగుతున్నదని అనుకున్న. మల్ల నీ ఫోటో జూస్త. నువ్వు పొద్దంత వంకరలు వట్టెటోనివి గద. నీకే గనవడకుంటే, ఇగ నాదే బ్రమ అనుకున్న."

ఆ మాట విన్నప్పటి నా బాధ ఇప్పటికీ తగ్గలేదు. ఆమె చూసింది నిజం, విన్నది నిజం. నా ఫోటో మీద నమ్మకంతో తన కళ్లనూ చెవులనూ పక్కన పెట్టేసింది. ఏడాదిపాటు రోజుకు రెండుసార్లు ఈ గోడ కింద కూర్చుంది.

రేకుల మీద ఈసారి ఒక్కసారిగా గుప్పెడు రాలింది. బర్రె చెవులు నిక్కబొడిచింది. అక్క పైకి చూసి, నన్ను చూసి, సగం పాలు పొదుగులోనే విడిచి లేచింది. ఆమె అలా లేవడం మూడేళ్లలో నేను చూడలేదు. తలుగు విప్పి మొదటి బర్రెను నా చేతికిచ్చింది. అది బయటికి వచ్చేసింది. రెండోది రాలేదు. మూడు రోజుల వానకు ఇంకా బిగుసుకున్న తలుపు సగమే తెరుచుకుంటోంది, కడుపుతో ఉన్న బర్రె అందులో పట్టడం లేదు. అక్క లోపలే ఉంది. నేను మళ్లీ లోపలికి దూరి తలుపును భుజంతో గుద్దాను. కదల్లేదు. మళ్లీ గుద్దాను. మూడోసారికి కీలు ఊడి తలుపు బయటికి పడింది, దాని మీద నేను పడ్డాను, నన్ను తొక్కకుండా బర్రె ఎలా దాటిందో ఆ దేవుడికే తెలియాలి. దాని వెనక అక్క, చేతిలో పాలగిన్నెతో.

బోరింగు గద్దె దగ్గర నిలబడి ఇద్దరం బురుజు వైపు చూశాం. ఏమీ కాలేదు. ఒక విమానం దీపాలు వేసుకుని దిగుతూ మా మీదుగా పోయింది. బురుజు అలాగే ఉంది. దిద్దకుండా చూస్తే ఎంత ఒరిగిందో అప్పుడు కనిపించింది.

"పడలే గద," అంది అక్క. ఆ గొంతులో కోపమో, ఆశో తెలియలేదు.

"పడకపోతే నన్ను తిట్టు. గని లోపలికి పోకు."

ఆమె పోలేదు. ఆ రాత్రి అక్కా, పని నుంచి వచ్చిన ఆమె భర్తా బర్రెలను గద్దె పక్కనే కట్టి, పైన తాడిపత్రి పట్టా కప్పారు. సోమవారం సెలవు పెట్టి అసలు ఫోటోలు పట్టుకెళ్లాను. ఇంజనీరుకు ఒక్కొక్కటీ చూపించి, దిద్దిన దాన్ని కూడా పక్కన పెట్టి, ఇది నేను చేసింది అని చెప్పాను. ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. కొట్టం చుట్టూ తాడు కట్టించాడు. కొట్టం పోయినట్టేనని అక్కకు అర్థమైంది. ముఖం అటు తిప్పుకుని, కొంగుతో కళ్లు తుడుచుకుంది.

బుధవారం సాయంత్రం ఫ్యాక్టరీలో చేతులు కడుక్కుంటుంటే ఆమె ఫోన్ వచ్చింది.

"పడ్డది తమ్మీ. ఇప్పుడే. కొట్టం మొత్తం నేలమట్టమైంది." ఆమె రొప్పుతూ మాట్లాడుతోంది. వెనక జనం అరుపులు. "నేను బయటనే ఉన్న. బయట గూసోని పాలు పిండుతున్న."

కుళాయి కట్టేసి గోడకు ఆనుకున్నాను.

"ఇనవడ్తున్నదా? నేను బాగనే ఉన్న. నువ్వు జర నిమ్మళంగ రా."

ఆమె నన్ను ఆరోజూ ఒక్క మాట అనలేదు, ఇంతవరకూ అనలేదు. నేను అక్కడే, వెల్డింగు వాళ్లందరూ చూస్తుండగా, ఏడ్చాను.