పసుపు రాసిన రెండు డ్రైవులు

కొవిడ్ సద్దుమణిగిన ఏడాది జూన్ నెలలో, డెల్టా కాలువలకు నీళ్లు వదలడానికి వారం ముందు, నన్ను హైదరాబాదు నుంచి విజయవాడ పటమట ఆఫీసుకు సీనియర్ సిస్టమ్స్ ఆఫీసరుగా బదిలీ చేశారు. మాది ఒక ఇంజనీరింగ్ కన్సల్టెన్సీ. ఒక కాలువ పొడవునా నీటిమట్టాలు రోజుకు రెండుసార్లు నమోదు చేసి భద్రపరిచే పనిని కాంట్రాక్టుకు తీసుకుంది. రిటైర్మెంటుకు నాకింకా మూడేళ్లున్నాయి. హోదాలో నాకు పైన ప్రాజెక్ట్ మేనేజర్ ప్రసాదరావు గారు, నాకు కింద డేటా ఆపరేటర్ భవాని. ఆమెది ఔట్‌సోర్సింగ్ ఉద్యోగం. అంటే ఏ రోజు రావద్దంటే ఆ రోజుతో సరి.

లాకుల దగ్గరా వంతెనల దగ్గరా కాలువ గోడకు అంకెలు వేసిన గేజీ బోర్డు ఉంటుంది. దానికి కాపలా ఉండే లస్కరు ఉదయం ఆరింటికి, సాయంత్రం ఆరింటికి దాన్ని ఫోటో తీసి పంపాలి. భవాని ఆ ఫోటోలను సర్వర్‌లోకి దింపి, మట్టం ఎంతో పక్కన కొట్టి ఉంచేది. నేను వచ్చిన వారంలోనే రెండు నియమాలు పెట్టాను. మొదటిది, ఫోటోలో గేజీ పక్కన తేదీ, వేళ, ఊరు సుద్దతో రాసిన పలక కనిపించాలి. రెండోది, గేజీ మీద నాచు గీకినా, బోర్డు సరిచేసినా, ముట్టుకోక ముందు ఒక ఫోటో, ముట్టుకున్నాక ఒక ఫోటో తీయాలి. లస్కర్లు ఇంట్లో పడుకుని నిన్నటి ఫోటోనే పంపుతున్నారని నా అనుమానం. ఒక్కరిని కూడా పట్టుకోలేకపోయాను. అయినా అనుమానం పోలేదు. పాలవాడు నీళ్లు కలపకపోతే ఎందుకు కలపలేదా అని ఆలోచించే మనిషినని మా ఆవిడ నన్ను ఇప్పటికీ దెప్పుతుంది.

సర్వర్ లైనక్స్ మీద నడిచేది. అది ఉచితంగా దొరికే ఆపరేటింగ్ సిస్టమ్. దాని లోపలి రాతంతా ఎవరైనా తెరిచి చదువుకోవచ్చు. కంపెనీకి ఉచితం కావడం నచ్చింది, నాకు తెరిచి చూసుకోగలగడం నచ్చింది. దానికి రెండు ఎక్స్‌టర్నల్ హార్డ్ డ్రైవులు తగిలించి ఉండేవి. రెండూ ఒకే కంపెనీవి, నల్లటివి, అరచేతిలో పట్టేవి. ఒకదానికి తెల్ల కేబులు, ఒకదానికి నల్ల కేబులు. తెల్ల కేబులుది రోజువారీ డ్రైవు. సాయంత్రం ఆరున్నరకు నేను రాసిన చిన్న ప్రోగ్రాము దానంతటదే నడిచి, సర్వర్‌లో ఉన్నది ఉన్నట్టు దానిలోకి నకలు చేసేది. సర్వర్‌లో లేనిది దానిలో ఉంటే చెరిపేసేది. నకలు అచ్చు అలాగే ఉండాలంటే ఆ చెరపడం తప్పదు. నల్ల కేబులుది నిల్వ డ్రైవు. సర్వర్‌లో చోటు తక్కువ కాబట్టి ఈ నెల, పోయిన నెల ఫోటోలు మాత్రమే అందులో ఉంచి, అంతకు ముందువి నిల్వ డ్రైవులోకి మార్చేవాణ్ణి.

అంటే ఆ పాత ఫోటోలకు ఉన్నది ఒకే ఒక కాపీ. రెండో కాపీ ఉండాలని నాకు తెలియక కాదు. కొత్త డ్రైవు కొనమని ఇండెంటు పెట్టాలి, దానికి రెండు సంతకాలు కావాలి, వచ్చే నెల చూద్దామనుకున్నాను. నిల్వ డ్రైవును పని కాగానే ఊడదీసి బీరువాలో పెట్టాలని కాగితం మీద రాసి గోడకు అంటించింది కూడా నేనే. దాన్ని పాటించని వాడినీ నేనే.

మహర్నవమికి ముందు రోజు ఆఫీసులో ఆయుధపూజ చేశాం. విజయవాడలో దసరా అంటే అమ్మవారి గుడి ఉన్న కొండ చుట్టూ ట్రాఫిక్ అంతా మళ్లిస్తారు, అందుకని పూజ పొద్దున్నే పెట్టుకుని మధ్యాహ్నానికి అందరూ ఇళ్లకు బయలుదేరే ఏర్పాటు. సర్వే పరికరాలు, ప్రింటరు, జీపు తాళాలతో పాటు సర్వర్ ఆపి డ్రైవులు కూడా అమ్మవారి పటం ముందు పెట్టాలని ప్రసాదరావు గారు అన్నారు. డ్రైవులకు పూజ ఏమిటని నేను గొణిగాను గానీ, ఇంకొకరి చేతికి ఇవ్వడం ఇష్టంలేక నేనే ఊడదీశాను. తడి పసుపు రాసి బొట్టు పెట్టింది కూడా నేనే. హారతి అయ్యాక నేనే తిరిగి తగిలించి, సర్వర్ వెలిగించి, పన్నెండు దాటకముందే ఇంటికి వెళ్లిపోయాను. లస్కర్లకు పండగ సెలవు లేదు కాబట్టి భవాని ఒక్కతే సాయంత్రం ఏడింటిదాకా ఉండి ఫోటోలు దింపుకుంది.

పదిహేను రోజులకు శివారు భూముల రైతులు నీటిపారుదల శాఖకు ఫిర్యాదు చేశారు. కాలువ చివరి ఊళ్లకు ఆగస్టులో నీళ్లు రాలేదని, నాట్లు ఎండిపోయాయని. మా నివేదికలో పై గేజీకీ కింది గేజీకీ మధ్య మట్టం పడిపోయినట్టు అంకెలు ఉన్నాయి. అంకెలు ఎవరైనా కొట్టవచ్చు, ఫోటోలు చూపించండి అన్నారు ఆ శాఖ అధికారులు. న్యాయమైన మాటే. నేను నిల్వ డ్రైవు తెరిచాను. ఆగస్టు లేదు. జూలై లేదు. జూన్ లేదు.

అప్పుడు నేను చేసిన విచారణ ఎలాంటిదో ఉన్నదున్నట్టు చెప్పాలి. ఫోల్డర్ల మీద ఉన్న వేళ చూస్తే చెరిగింది పూజ నాటి సాయంత్రం ఆరున్నర తర్వాత. ఆ వేళ ఆఫీసులో ఉన్నది భవాని ఒక్కతే. కరెంటు పోయి వస్తే సర్వర్ వెలిగించడానికని దేన్నైనా చెరపగల అసలు పాస్‌వర్డు చీటీ మీద రాసి ఆమెకు నేనే ఇచ్చాను. ఆరున్నర అంటే బ్యాకప్ నడిచే వేళ కదా అని నాకు తట్టకపోలేదు. కానీ అదే అదనుగా చూసుకుంది, చెరిగినా బ్యాకప్ పనే అనుకుంటారని ఎత్తు వేసింది అనుకున్నాను. నిల్వ డ్రైవులో ఉండకూడని సెప్టెంబరు, అక్టోబరు ఫోటోలు కనిపించాయి. ఖాళీగా ఉంటే కంటపడుతుందని నింపి పెట్టిందనుకున్నాను. ఇక కారణం కూడా దొరికింది. మట్టం పడిపోయిన ఆ రెండు గేజీల మధ్యనే, కైకలూరు వైపు, ఆమె నాన్నగారికి చేపల చెరువులున్నాయి. చెరువుల వాళ్లు మోటార్లు పెట్టి కాలువ నీళ్లు తోడుకుంటున్నారని రైతులు ఎప్పటి నుంచో అంటున్నారు.

అన్నీ ఇంత చక్కగా అతికినప్పుడు నాకు నా తెలివి మీద ముచ్చటేసింది. ప్రసాదరావు గారికి పేజీన్నర నివేదిక రాసి, చివర్లో భవాని పేరు పెట్టాను. ఆయన ఆ రోజే ఆమెను పనిలోకి రావద్దన్నారు. సోమవారం పోలీసు స్టేషన్లో ఫిర్యాదు ఇస్తామని కూడా చెప్పారు. ఆమె ఏడవలేదు, వాదించలేదు. ఎవరు అన్నారండీ అని ఒక్కమాట అడిగింది. నేను తల తిప్పుకుని స్క్రీన్ చూస్తూ కూర్చున్నాను.

శనివారం మధ్యాహ్నం భవాని ఆఫీసుకు వచ్చింది. నిలబడే మాట్లాడింది.

“సార్, నేనేమీ చెరపలేదండి. చెరిపానని మీరు రాశారంట. ఒక్క రెండు ఫోటోలు చూడండి, తర్వాత స్టేషన్‌కి రమ్మంటే వస్తాను.”

ఫోన్ తీసి నా ముందు పెట్టింది. మొదటి ఫోటోలో పూజకు ముందు సర్వర్ వెనక వైపు. పై పోర్టులో తెల్ల కేబులు, కింది పోర్టులో నల్ల కేబులు. రెండో ఫోటోలో పూజ తర్వాత, నేను వెళ్లిపోయాక. డ్రైవుల మీద పసుపు, బొట్టు. పై పోర్టులో నల్లది, కింది పోర్టులో తెల్లది.

ఇవెందుకు తీశావని అడిగాను. ఆ క్షణంలో కూడా నా గొంతులో అనుమానమే పలికింది.

“ముట్టుకోక ముందొకటి, ముట్టుకున్నాక ఒకటి తీయమని మీరే కదండీ చెప్పారు. లస్కర్లకి చెప్పారు గానీ, నేను అన్నిటికీ తీస్తానండి. మీతో పని కదా, మంచిదని.”

నేను ఫోన్ అందుకుని ఆ రెండు ఫోటోలనూ మళ్లీ మళ్లీ చూశాను. ఎందుకో చదువరులకు చెప్పాలి. లైనక్స్ తనకు తగిలించిన డ్రైవులకు కనబడిన వరసలో అక్షరాలు ఇస్తుంది. ఏ అనేది సర్వర్ సొంత డిస్కుకు పోగా, ముందు కనబడినదానికి బి, తర్వాతదానికి సి. మా సర్వర్‌లో పై పోర్టుది ముందు కనబడేది. వరస మారితే అక్షరమూ మారుతుంది. అలా కాకుండా ప్రతి డ్రైవుకూ దానిదైన పొడవాటి గుర్తింపు సంఖ్య ఒకటుంటుంది. ఏ పోర్టులో పెట్టినా అది మారదు. ప్రోగ్రాములో ఆ సంఖ్యే రాయాలి. అది కొట్టడం బారెడు పని అని నేను బి అనే అక్షరం రాసి ఊరుకున్నాను. మనిషిని పేరు పెట్టి పిలవకుండా క్యూలో మొదటాయన అని పిలిచినట్టు. పూజ తర్వాత క్యూలో మొదట నిలబడింది నిల్వ డ్రైవు. ఆరున్నరకు ప్రోగ్రాము దాన్నే రోజువారీ డ్రైవనుకుని, సర్వర్‌లో లేని మూడు నెలల ఫోటోలూ చెరిపి, ఉన్న రెండు నెలలవీ నింపింది. చివర్లో ‘పూర్తయింది’ అని నేను రాయమన్న మాట కూడా రాసింది.

రోజువారీ డ్రైవు తెరిచాను. అందులో చివరి నకలు పూజకు ముందు రోజుది. ఆ తర్వాత ఒక్క ఫైలు లేదు. నా విచారణంతటిలో ఆ రెండో డ్రైవును నేను ఒక్కసారి కూడా తెరవలేదు. తెరిచి ఉంటే రెండు నిమిషాల్లో తేలిపోయేది. తప్పు చేసిన మనిషిని వెతుకుతున్నాను కాబట్టి డ్రైవు చూడాలని తోచలేదు. నాకు తల కొట్టేసినట్టయింది. భవాని నిలబడే ఉంది. కూర్చోమ్మా అన్నాను. కూర్చోలేదు.

ఆ సాయంత్రమే ప్రసాదరావు గారికి రెండో నివేదిక ఇచ్చాను. అందులో నా పేరు రాశాను. ఆయన చదివి, మొదటిది పేజీన్నర రాశారు, ఇది నాలుగు లైన్లే ఉందేమిటండీ అన్నారు. నా సర్వీసు రికార్డులోకి మెమో వచ్చింది. పోలీసు ఫిర్యాదు ఆగింది. భవానిని ఆయన స్వయంగా ఫోన్ చేసి రమ్మన్నారు.

చెరిగిన ఫైలు వెంటనే మాయం కాదు. దాని మీద వేరొకటి రాసేదాకా డ్రైవులో పడే ఉంటుంది. అందుకే మొదట ఆ డ్రైవులోకి ఏమీ రాయకుండా కట్టడి చేయాలి. పదిహేను రోజుల నకళ్లు అప్పటికే కొంత భాగాన్ని తినేశాయి. మిగిలినదాన్ని ఉచితంగా దొరికే ఒక ప్రోగ్రాముతో వేరే డ్రైవులోకి తోడాను. జూన్ చాలావరకు పోయింది. జూలై, ఆగస్టు దాదాపుగా వచ్చాయి. కానీ పేర్లు లేవు, వరస లేదు. వేల ఫోటోలు కలగాపులగంగా ఉన్నాయి. లస్కర్ల మీద అనుమానంతో పెట్టించిన పలకలే అప్పుడు దిక్కయ్యాయి. ప్రతి ఫోటోలో తేదీ, వేళ, ఊరు సుద్దతో రాసి ఉంది కాబట్టి ఒక్కొక్కటీ తెరిచి చదివి వేరుచేయవచ్చు.

ఆ పని భవాని చేసింది. చేస్తావా అని అడగడానికి నాకు నోరు రాలేదు, ఆమే కూర్చుంది. తొమ్మిది రోజులు పట్టింది. ఆగస్టు ఫోటోలు వరసలో పెట్టేసరికి విషయం ఎవరికైనా అర్థమయ్యేలా ఉంది. పై గేజీ దగ్గర నీరు నిండుగా ఉంది. కింది గేజీ దగ్గర ప్రతి ఉదయం జానెడు పడిపోయి ఉంది. మధ్యలో ఉన్నవి ఆమె నాన్నగారి చెరువులు, ఇంకో నలుగురివి. ఆమె ఆ ఫోల్డరు మీద తేదీలు వేసి, జాబితా ప్రింటు తీసి, సంతకం చేసి నా బల్ల మీద పెట్టింది. ఒక్కమాటే అంది.

“ఆగస్టువి అన్నీ ఉన్నాయండి. మా నాన్న మోటారు వంతెన పక్కనే ఉంది, నాలుగు ఫోటోల్లో కనపడుద్ది. అవి కూడా పెట్టాను.”

ఆ వారమే మోటార్లు తీయించారు. ఆమె ఇంట్లో ఏం జరిగిందో నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. కొన్నాళ్లు క్యారేజీ తెచ్చుకోకుండా బయట టిఫిన్ తిని వచ్చేది, అంతవరకే నాకు తెలుసు.

ఇంకొకటి కూడా చెప్పి ముగించాలి. ఆమె ఇచ్చిన జాబితాను ఆ రోజు ఆమె వెళ్లాక నేను తోడి పెట్టిన ఫోటోలతో సరిపోల్చాను. ఒక్కటి కూడా తగ్గలేదు. అంత జరిగాక కూడా సరిపోల్చకుండా ఉండలేకపోయాను. అందుకు సిగ్గుపడ్డాను, ఇప్పటికీ పడుతున్నాను.

ఆ తర్వాత డ్రైవుల గుర్తింపు సంఖ్యలు ప్రోగ్రాములో పూర్తిగా రాశాను. నిల్వకు రెండో కాపీ పెట్టి, ఒక డ్రైవు ప్రసాదరావు గారి బీరువాలోకి మార్చాను. వారానికోసారి బ్యాకప్ తెరిచి, ఏదో ఒక ఫోటో బయటికి తీసి చూడటం అలవాటు చేసుకున్నాను. ‘పూర్తయింది’ అన్న మాటను అనుమానించడం నేర్చుకున్నాను. మనుషులను అనుమానించిన కాలమంతా చేయాల్సిన పని అదే. ఇక భవాని విషయం. నేను రిటైరయ్యేదాకా, నేను సర్వర్ మీద చెయ్యి వేయబోయినప్పుడల్లా ఆమె కుర్చీలోంచి లేచి వచ్చి ముందొక ఫోటో, తర్వాతొక ఫోటో తీసేది. తీసేదాకా నేను చేతులు కట్టుకుని పక్కన నిలబడేవాణ్ణి.