ఒక పట్టీ తక్కువ

మెల్‌బోర్న్ శివారు క్లేటన్‌లో నేను అద్దెకున్న ఇంటి గరాజులో చక్రాలు లేని పాత కారొకటి ఉండేది. యూనివర్సిటీ నుంచి రాగానే పుస్తకాల సంచీ గుమ్మంలో పడేసి, ఆ కారు సీట్లో కూర్చుని కళ్ళు మూసుకునేదాన్ని. మార్చి, ఏప్రిల్ మధ్యాహ్నాలవి, అక్కడ చలికాలానికి ముందు రోజులు. కిటికీలోంచి పల్చటి ఎండ వచ్చి మోకాళ్ళ మీద పడేది. ఇనుము అరగదీసే గ్రైండర్ ఆగినప్పుడల్లా బయట మ్యాగ్‌పై పిట్ట పాట వినబడేది. వేడెక్కిన ఇనుము వాసనలో ఎవరో కోస్తున్న గడ్డి వాసన కలిసేది. కారు కదలకపోయినా నేను మాత్రం ఎక్కడెక్కడికో వెళ్ళి వచ్చేదాన్ని. ఎక్కువసార్లు మా అనకాపల్లి చెరుకు తోటల మధ్యకే.

ఇంటి యజమాని అంకుల్ ఫిజీ తెలుగువాడు. ఆయన ముత్తాత చెరుకు కొట్టడానికి ఓడెక్కి వెళ్ళాడు. ఈయన అక్కడే చెరుకు లారీలు తోలి, చివరికి ఆంటీతో సహా మెల్‌బోర్న్ వచ్చేశాడు. ఆయన తెలుగు మా నాయనమ్మ తెలుగు కన్నా పాతది, మధ్యమధ్య హిందీ ముక్కలు. గది చూడటానికి వెళ్ళిన రోజు నా ఉద్యోగం గురించి గానీ వంట గురించి గానీ ఒక్క ప్రశ్న వేయలేదు. మెకానికల్ చదువుతున్నానని విని, "వెల్డింగ్ అంటే బయమా బేటీ?" అని మాత్రం అడిగాడు. లేదన్నాను. గది ఖాయమైపోయింది.

ఆ కారు హాట్ రాడ్. పాతకాలపు బండి ఒళ్ళు తీసుకుని, కప్పు కోసి కిందికి దించి, కొత్త ఇంజన్ పెట్టి, ఎవరి మోజుకొద్దీ వాళ్ళు తయారుచేసుకునే రకం. ఇద్దరికే చోటు. అన్నీ అయిపోయి వెనక కుదుపులు ఆపే కమాన్ కట్ట ఒక్కటే మిగిలింది. పొడుగాటి ఉక్కు పట్టీ కింద అంతకంతకూ పొట్టివి పేర్చి నడుమ బోల్టు బిగిస్తారే, లారీల కింద కనబడుతుందే, అదే. బజార్లో దొరుకుతుంది. అంకుల్ కొననన్నాడు. పాత ఇనుము యార్డు నుంచి ట్రైలర్ పట్టీలు తెచ్చి, జాకీతో నొక్కి కొంచెం కొంచెంగా వంచి తానే చేస్తానన్నాడు.

ఆ పట్టుదలంతా ఆంటీ కోసం. పెళ్ళిరోజు ఆమెను పుట్టింటి నుంచి చెరుకు లారీలోనే తీసుకొచ్చాడట. "ఆ గుంటలు నా నడుం ఇంకా మర్సిపోలేదు. నీ సేత్తో సేసిన బండి నేనెక్కను గాక ఎక్కను," అనేది ఆంటీ. కుదుపు లేని బండిలో ఆమెను ఒక్కసారి సముద్రం దాకా తిప్పాలని ఆయన కోరిక. దానికి గడువు కూడా వచ్చిపడింది. ఆయన కళ్ళకు పక్కనున్నవి కనబడటం తగ్గిపోతోంది. చలికాలంలో కంటి పరీక్ష ఉంది, అందులో తప్పితే లైసెన్సు పోతుంది. ఈ సంగతి ముగ్గురికీ తెలుసు. ఎవరం పైకి అనేవాళ్ళం కాదు.

మొదటి కట్ట బిగించి, చక్రాలు తొడిగి, ఇంటి ముందు డ్రైవ్‌వేలో అడ్డంగా ఒక చెక్క పడేసి దాని మీదుగా బండి తోలాం. నా పళ్ళు టకటకలాడాయి.

"ఇది కారు కాదంకుల్, చెరుకు లారీయే. టూ స్టిఫ్! ఇన్ని పట్టీలేటి? లోడే లేదు కదా దీనికి."

"మాకాడ చెరుకు క్రషింగ్ సీజన్ వొచ్చిందంటే లారీకి ఒక పట్టీ ఎక్కువ ఏస్తాం బేటీ. కొండ మీద కమాన్ ఇరిగితే మనిషి మిగల్డు. నేను చూసినాను."

"ఇక్కడ కొండేదీ, చెరుకేదీ? ఉండేది మీరూ ఆంటీయే కదా!"

"అందుకే," అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. పట్టీ మందం సగం చేస్తే బిర్రు ఎనిమిదో వంతుకు పడిపోతుందని, మందమైనవి తీసి పల్చనివి వేద్దామని సుద్దముక్కతో నేల మీదే లెక్క వేసి చూపించాను. ఆయన శ్రద్ధగా విన్నాడు, తలూపాడు, వెళ్ళి పట్టీలన్నీ మళ్ళీ ఉన్నవి ఉన్నట్టే బిగించాడు. భయపడ్డ మనిషికి లెక్కలు చెప్పి ఏం లాభం? అలిగి రెండు రోజులు గరాజు వైపు పోలేదు. మూడో రోజు ఆ సీటు గుర్తొచ్చి నేనే వెళ్ళాను.

కట్ట ఎంత కుంగుతుందో చూడాలంటే సీట్లలో మనుషుల బరువు ఉండాలి. ఆంటీ ఎక్కదు. ఆమె బరువెంతో అడిగే ధైర్యం మా ఇద్దరికీ లేదు. అందుకని వంటింట్లోంచి బియ్యం మూటలు మోసుకొచ్చి ఆమె సీట్లో పేర్చాను. పక్క సీట్లో అంకుల్ కూర్చున్నాడు. నేను వెనక నేల మీద పడుకుని టేపుతో కొలుస్తుంటే గుమ్మంలో ఆంటీ చెప్పులు కనబడ్డాయి. వృద్ధాశ్రమం వంటశాలలో షిఫ్టు ముగించుకుని, ఏప్రన్‌తోనే వచ్చేసింది. ఇక తిట్లే అనుకున్నాను. ఆమె మూటల వంక చూసింది. లోపలికి వెళ్ళి కందిపప్పు సంచీ తెచ్చి వాటి మీద పెట్టింది.

"నా బరువంటే ఇది కూడా ఉండాల," అంది. సీటు బెల్టు లాగి మూటలకు అడ్డంగా బిగించి వెళ్ళిపోయింది.

అంకుల్ ఆ పప్పు సంచీని ఒకసారి తట్టాడు. తరవాత దిగి స్పానర్ అడిగాడు. కట్ట విప్పి, అదనపు పట్టీ తీసి గోడకు ఆనించాడు. మిగిలినవాటిలో మందంగా ఉన్నవి కూడా తీయమని ఆయనే చెప్పాడు.

ఆ తరవాతి వారాలు నాకు ఒకే పొడవాటి మధ్యాహ్నంలా గుర్తున్నాయి. పట్టీ వంచడం, కట్టలో పెట్టి చూడటం, అంచులు నునుపు చేయడం, గ్రీజు రాయడం, మళ్ళీ మూటలు పేర్చడం. పని లేనప్పుడు నేను సీట్లో కునుకు తీసేదాన్ని. ఆంటీ టీ తెచ్చి, నన్ను లేపకుండా బానెట్ మీద పెట్టిపోయేది. నా చదువు రోజుల్లో నేను అంత సుఖంగా ఇంకెక్కడా లేను.

బండి రోడ్డెక్కడానికి అనుమతి వచ్చింది. దానికి ముందే, పరీక్షలో తప్పాడని కంటి డాక్టరు మాట వచ్చేసింది. అంకుల్ లైసెన్సు తిరిగి ఇచ్చేశాడు. ఒక వారం గరాజు తలుపు తెరవలేదు.

ఆదివారం పొద్దున మంచి ఎండ కాసింది. ఆయనే వెళ్ళి బండి తుడిచి, తాళం తెచ్చి ఆంటీ చేతిలో పెట్టాడు.

"నేనెక్కనని చెప్పినానా లేదా?"

"ఎక్కొద్దు. తోలు," అన్నాడు.

రోజూ షిఫ్టుకి తన చిన్న కారులో వెళ్ళే మనిషే. కొంగు దోపుకుని స్టీరింగ్ ముందు కూర్చుంది. అంకుల్ బండి ఒంటి మీద చెయ్యి ఆనించుకుంటూ చుట్టూ తిరిగి వెళ్ళి, ఇన్నాళ్ళూ బియ్యం మూటలు కూర్చున్న సీట్లో కూర్చున్నాడు. ఆంటీ వంగి ఆయనకు బెల్టు పెట్టింది. డ్రైవ్‌వేలో చెక్క ఇంకా అడ్డంగానే ఉంది. బండి దాని మీదుగా మెల్లగా లేచి, మెల్లగా దిగి, వీధిలోకి వెళ్ళిపోయింది.

సాయంత్రానికి తిరిగి వచ్చారు. ఆంటీ చెప్పుల నిండా ఇసుక. నేను ఎదురు పరుగెత్తి, "కమాన్ ఎలా ఉందంకుల్?" అని అడిగాను.

"ఆయన్నేటి అడుగుతావు?" అంది ఆంటీ. "ఈది మలుపు తిరగ్గానే నిద్రపోయినాడు. సముద్రం దాకా ఒక్క కుదుపుకీ లేవలేదు, నేనే లేపినాను."

అంకుల్ సిగ్గుగా నవ్వాడు. సీట్లోంచి మాత్రం దిగలేదు. నాకు ఏడుపొచ్చింది.